కొత్త వంద సీసీ బండి, చెరువు గట్లు, ఉప్పు గాలి.. ఎలా చూసుకోవాలండి?

లంక_చిన్నోడు (సఖినేటిపల్లి) | అక్టోబర్ 3, 2025

అందరికీ నమస్తే అండి. నిన్న దసరా రోజున కొత్త బండి తీసుకున్నాను, వంద సీసీ. ఏ కంపెనీ అన్నది రాయను, రాస్తే ఇక్కడ రెండు పార్టీలై కొట్టుకుంటారు, అసలు విషయం పక్కకి పోద్ది, పాత త్రెడ్లు చదివే వచ్చాను. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 కి తగ్గుద్దని ఆగి ఆగి కొన్నాను, మా నాన్నయితే "పెళ్ళి కూడా ఇలాగే రేటు తగ్గేదాకా ఆపుతావా" అని ఒకటే ఎటకారం.

నా పని రొయ్యల చెరువుల మీదండి. పొద్దున్నే రేవులో పంటు (బండ్లతో సహా గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురంలో దిగి మొగల్తూరు అవతలకి వెళ్ళాలి, నాలుగు చోట్ల చెరువులు చూసి సాయంత్రం మళ్ళీ పంటు. రోజుకి అరవై, ఒక్కోరోజు డెబ్భై. సగం తారు రోడ్డు, సగం గట్లు. వానొస్తే గట్టు మీద బంకమట్టి ఎలా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు, టైరూ మడ్‌గార్డూ ఒకటైపోతాయి. ఇంతకుముందు మా చిన్నాన్న బండి వాడేవాణ్ణి, నాలుగేళ్ళకే రిమ్ములు తుప్పు, సైలెన్సర్ కి బెజ్జం. ఇది అలా అవకూడదు, ఇంకా ఇరవై నాలుగు వాయిదాలు ఉన్నాయి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలి, ఆ తర్వాత ఏం చూసుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

షెడ్డు_మావ (పాలకొల్లు) | అక్టోబర్ 3

శుభం బాబూ. నేను నోటితో చెప్తే ఫోనే రాసుకుంటది, తప్పులుంటే ఏమనుకోకండి. ఇరవై రెండేళ్ళ షెడ్డు నాది. కొత్త బండిని గోముగా చూడండి కానీ మరీ పురిటి బిడ్డలా కాదు. ఎక్కువమంది చేసే తప్పేంటంటే నలభై దాటకూడదన్నారు కదా అని టాప్ గేర్లో పాతిక మీద ఈడుస్తారు, ఇంజన్ దడదడా కొట్టుకుంటది, అది స్పీడుగా పోవడం కన్నా చెడ్డ. స్పీడు తగ్గితే గేరు తగ్గించాలి అంతే. ఒకే స్పీడులో గంటసేపు పోకండి, ఎక్సలేటర్ చివరిదాకా తిప్పి పట్టుకోకండి, కాసేపు ముప్పై కాసేపు యాభై అలా మార్చుకుంటా పోండి. లోపల పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి ఒరుసుకుని కుదురుకోవాలి, ఆ ఒరుసుకోవడంలో వచ్చే ఇనప రజను ఆయిల్లో కలుస్తది, మొదటి సర్వీసులో తీసిన ఆయిల్ ని ఎండలో పట్టి చూస్తే జరీలా మెరుస్తది. భయపడకండి. అందుకే మొదటి ఆయిల్ తొందరగా మార్చమనేది.

భీమారం_బుల్లోడు | అక్టోబర్ 3

కంగ్రాట్స్ బ్రో. మైలేజీ ఎంతిస్తుంది?

లంక_చిన్నోడు | అక్టోబర్ 3

అన్నా ఇంకా టైర్ల మీద నిమ్మకాయ రసమే ఆరలేదు, అప్పుడే మైలేజీ ఏంటి

కాకినాడ_మాన్యువల్ | అక్టోబర్ 4

సీటు కింద ప్లాస్టిక్ కవర్లో ఓనర్ మాన్యువల్ ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు, అమ్మేటప్పుడు కొత్తదానిలా ఇచ్చేస్తారు. మీరు తెరవండి. సర్వీసు కిలోమీటర్లు బండిని బట్టి మారతాయి, మొదటిది చాలా వాటికి 500 నుంచి 750 మధ్య, కొన్నిటికి వెయ్యి దాకా. "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని రోజులు, ఏది ముందైతే అది" అని ఉంటుంది, ఆ రెండో ముక్క మర్చిపోయి వారంటీ పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ముగ్గురు.

ఆయిల్ డబ్బా మీద 10 డబ్ల్యూ 30 అని చిక్కదనం అంకె ఒక్కటే చూడకండి, జాసో (జపాన్ వాళ్ళ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా చూడండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకి. మోటార్ సైకిల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, కార్ల ఆయిల్ పోస్తే జారుడు ఎక్కువై క్లచ్ పట్టదు. మా బావమరిది ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ పోసేశాడు ఒకసారి. బండి అరుస్తుంది, కదలదు.

టైర్ల గాలి కూడా. మా ఇంట్లో స్ప్లెండర్ కి ఒక్కరే ఎక్కితే ముందు 25 వెనక 28, ఇద్దరెక్కితే వెనక దానికి అంకె వేరే. పంచర్ షాపుల్లో అడగకపోతే రెండిటికీ ముప్పై అయిదు కొట్టి వదిలేస్తారు. తడి రోడ్డు మీద అది జారుడుబల్లే.

గౌతమి_టీచర్ (ముమ్మిడివరం) | అక్టోబర్ 4

మీరు అడిగిన రిమ్ముల తుప్పు గురించి నేను చెప్తానండి, ఎందుకంటే నేను ఆ డబ్బులు కట్టాను. నేను తొమ్మిదేళ్ళుగా స్కూలుకి బండి మీదే వెళ్తున్నాను, చిన్న నోటు పుస్తకంలో ప్రతి ఖర్చూ రాసుకుంటాను. మొదటి బండిని వారం వారం శుభ్రంగా కడిగేదాన్ని, అయినా రెండేళ్ళకే స్పోకుల దగ్గర తుప్పు మొదలైంది. పక్కింటాయన నెలకోసారి కూడా కడగడు, ఆయన బండి బాగానే ఉంది. అదేంటా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత తెలిసింది, మేం కడిగేది బోరు నీళ్ళతో. మా వైపు బోరు నోట్లో పోసుకుంటే ఉప్పు. అంటే నేను ప్రతి ఆదివారం కూర్చుని బండికి ఉప్పు పట్టిస్తున్నానన్నమాట. ఆరాక నల్ల రంగు మీద తెల్లటి చారలు కనిపిస్తే అదే గుర్తు.

మీది సముద్రం పక్కన, పైగా చెరువుల మీద పని. కాలువ నీళ్ళో పంచాయతీ కుళాయి నీళ్ళో రెండు బకెట్లు చాలు. వాటర్ సర్వీసింగ్ కి ఇచ్చేటప్పుడు కూడా వాళ్ళది ఏ నీళ్ళో అడగండి, నవ్వినా ఫర్లేదు.

షెడ్డు_మావ | అక్టోబర్ 4

టీచరమ్మ గారు బంగారం లాంటి మాట చెప్పారు. నేనూ ఇంకోటి కలుపుతాను. ఆ ప్రెషర్ గొట్టం ఉంది చూశారా, దాన్ని చక్రం మధ్యలో హబ్బు మీద, హెడ్ లైటు వెనక వైర్ల మీద, సైలెన్సర్ మూతి లోపలికి కొట్టనివ్వకండి. బేరింగుల్లో గ్రీజు కడుక్కుపోయి నీళ్ళు చేరతాయి, మూడు నెలలకి చక్రం గరగరలాడతది. డీజిల్ కొట్టి మెరిపించేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ మెరుపు రెండు రోజులు, రబ్బర్లు ఉబ్బిపోవడం శాశ్వతం. కడిగాక పొడి గుడ్డతో తుడిచి అయిదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచండి, సైలెన్సర్ లోపలి తడి ఆరుద్ది. మీ చిన్నాన్న గారి సైలెన్సర్ కి బెజ్జం లోపల్నుంచి వచ్చి ఉంటది, బయట నుంచి కాదు.

భీమారం_బుల్లోడు | అక్టోబర్ 5

మా తాత రిమ్ములకి కొబ్బరి నూనె రాసేవాడు. నిజం. బండి దగ్గరకెళ్తే తలంటు వాసన

గౌతమి_టీచర్ | అక్టోబర్ 5

తుప్పు పట్టిందా మరి?

భీమారం_బుల్లోడు | అక్టోబర్ 5

తుప్పు పట్టలేదండి, దుమ్ము పట్టింది. రిమ్ము రంగు ఏంటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు

యానాం_ట్యాంకు | అక్టోబర్ 6

పెట్రోల్ సంగతి ఎవరూ రాయలేదేంటి. మా యానాంలో రేటు తక్కువ, కోనసీమ జనం ఎదుర్లంక వంతెన దాటి వచ్చి కొట్టించుకుంటారు. ఎప్పుడైనా ఇటొస్తే ఫుల్ ట్యాంకు చేయించుకోండి.

కాకినాడ_మాన్యువల్ | అక్టోబర్ 6

సఖినేటిపల్లి నుంచి యానాం వచ్చి వెళ్ళే పెట్రోల్ ఎవరిస్తారు సార్? తొమ్మిది లీటర్ల ట్యాంకు, లీటరుకి పది రూపాయలు మిగిలిందనుకున్నా తొంభై. టీ, పునుగులకి సరి.

యానాం_ట్యాంకు | అక్టోబర్ 6

పునుగులు కూడా మా దగ్గరే బాగుంటాయి లెండి 😄

లంక_చిన్నోడు | అక్టోబర్ 15

అప్‌డేట్ అండి. మొదటి సర్వీసు 640 దగ్గర చేయించాను. లేబర్ ఫ్రీ, ఆయిల్ కి తీసుకున్నారు. అక్కడ ఒకాయన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి టెఫ్లాన్ కోటింగ్, ఇంజన్లో పోసే ఏదో ద్రవం, ఎక్స్‌ట్రా వారంటీ, ఇంకేదో పాలిష్ అన్నీ కలిపి రెండు వేల మూడొందలు చెప్పాడు. మావ గారు చెప్పినట్టు పాత ఆయిల్ చూపించమన్నాను, వింతగా చూశాడు, చూపించాడు, నిజంగానే జరీలా మెరిసింది. ఆ ద్రవం పోయించుకోవాలా వద్దా? కోటింగ్ సంగతేంటి?

షెడ్డు_మావ | అక్టోబర్ 15

ద్రవం వద్దు. ఆయిల్లో ఉండాల్సినవన్నీ కంపెనీవాడే కలిపి ఇస్తాడు. టెఫ్లాన్ అంటే రంగుకి మెరుపు, మీ తుప్పు ఎక్కడొస్తది? చాసిస్ కింద, సెంటర్ స్టాండు దగ్గర, సైలెన్సర్ అతుకు దగ్గర. అక్కడ వాడు కోటింగ్ కొట్టడు, కనపడదుగా. ఆ డబ్బులతో రెండు ఆయిల్ మార్పులు అయిపోతాయి.

తణుకు_సుబ్బు | అక్టోబర్ 15

ఎక్స్‌ట్రా వారంటీ మాత్రం ఆలోచించండి, రోజుకి అరవై తిరిగేవాళ్ళకి కిలోమీటర్లు ముందే అయిపోతాయి కాబట్టి ఎన్ని కిలోమీటర్ల దాకా ఇస్తున్నారో చదివి లెక్కేసుకోండి. అలాగే ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చూసుకోండి. కొత్త బండికి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి నష్టమైతే ఇచ్చేది, అయిదేళ్ళకి తప్పనిసరిగా కట్టించుకుంటారు, 2018 సెప్టెంబర్ నుంచి అదే రూలు, కానీ మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే ఓన్ డ్యామేజీ ఎక్కువగా ఒక్క ఏడాదికే ఉంటది. అయిదేళ్ళు ఉంది కదా అని చాలామంది రెండో ఏడు కట్టరు. వరదల్లో బండి మునిగితే థర్డ్ పార్టీ మీద పైసా రాదు.

లంక_చిన్నోడు | అక్టోబర్ 27

తుపాను వస్తంది అంటున్నారండి, మొంథా అంట, మా వైపే దాటొచ్చు అంటున్నారు. పంటు ఆపేశారు. బండి వాకిట్లో ఉంది, ఇంటి ముందు కొబ్బరి చెట్లు నాలుగు. ఎక్కడ పెట్టాలి?

గౌతమి_టీచర్ | అక్టోబర్ 27

చెట్ల కింద అసలొద్దు, కొబ్బరి మట్ట పడినా ట్యాంకు సొట్టే. పలక వేసి అరుగు మీదకి ఎక్కించేయండి. కవర్ కప్పకండి, గాలికి తెరచాపలా పట్టి బండినే పడేస్తుంది. సెంటర్ స్టాండు వేసి తాడుతో స్తంభానికి కట్టండి. ట్యాంకు నిండా ఉంటే మంచిది, తర్వాత రెండు రోజులు బంకుల్లో కరెంటు ఉండదు. జాగ్రత్త, బండి సంగతి అయ్యాక మీరు లోపలే ఉండండి.

లంక_చిన్నోడు | అక్టోబర్ 30

బాగానే ఉన్నామండి అందరం. 28 రాత్రి నర్సాపురం దగ్గరే దాటింది, ఆ మోత చెవుల్లో ఇంకా ఉంది. రెండు చెట్లు పోయాయి. నా బండికి ఏం కాలేదు, అరుగు మీద రాజాలా ఉంది. కానీ పక్కింటి బాబాయ్ బండి పల్లంలో పెట్టాడు, సీటు కింద దాకా నీళ్ళు వచ్చి పొద్దున తగ్గాయి. ఇప్పుడు కిక్కు కొడదామా అంటున్నాడు, ఆపి ఇక్కడ అడుగుతున్నా, తొందరగా చెప్పండి.

షెడ్డు_మావ | అక్టోబర్ 30

కొట్టద్దు కొట్టద్దు. తాళం కూడా పెట్టద్దు. సిలిండర్లో నీళ్ళుంటే నీళ్ళు నొక్కితే నలగవు, పిస్టన్ పైకొచ్చి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది, అప్పుడు వేలల్లో పని. ముందు బ్యాటరీ వైరు విప్పమనండి. కింద డ్రెయిన్ బోల్టు తీసి ఆయిల్ చూడండి, పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు కలిసినట్టే. ప్లగ్గు ఊడదీసి, తాళం లేకుండా మెల్లగా కిక్కు చేత్తో నాలుగైదు సార్లు నొక్కితే నీళ్ళు బయటకి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి, పేపర్ ఫిల్టర్ తడిస్తే పారేయడమే, ఆరబెట్టి వాడకండి. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి ఆ ఆయిల్ కూడా తీసేసి ఇంకోసారి పోయాలి, మొదటిది కడగడానికే. పెట్రోల్ ట్యాంకు కూడా దించాలి. వైర్ల కప్లర్లు విప్పి గాలి కొట్టించాలి. ఇంటి దగ్గర అవదనుకుంటే ట్రాలీ ఆటోలో వేసి షెడ్డుకి పంపండి, నెట్టుకుంటా పోయినా ఫర్లేదు కానీ గేరులో వద్దు.

తణుకు_సుబ్బు | అక్టోబర్ 30

దానికి ముందు నీళ్ళ మరక కనపడేలా నాలుగు వైపులా ఫొటోలు, వీడియో. ఓన్ డ్యామేజీ ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే ఫోన్ చేయమనండి. బండిలోకి నీళ్ళు చేరాక మనం స్టార్ట్ చేసి ఇంజన్ పాడు చేసుకుంటే, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోకపోతే ఇవ్వరు. ఆ ఒక్క కిక్కే అంత ఖరీదు.

లంక_చిన్నోడు | నవంబర్ 1

బాబాయ్ బండి బతికిందండి, రెండు సార్లు ఆయిల్ మార్చారు, మీ ఇద్దరికీ కోడి కూర బాకీ అంటున్నాడు.

లంక_చిన్నోడు | నవంబర్ 12

ఇప్పుడు నా బండికే వచ్చిందండి తిప్పలు. 1,900 తిరిగింది. వారం నుంచి ఉన్నట్టుండి ఆగిపోతంది. పొద్దున ఇంటి దగ్గర బాగానే ఉంటది, చెరువు గట్టు మీద కాసేపు ఆపి మళ్ళీ బయల్దేరదామంటే స్టార్ట్ అవుద్ది, కదలగానే టక్కున ఆగిపోద్ది. మూడు నాలుగు సార్లు కొడితే వెళ్తది. మొన్న సాయంత్రం ఆఖరి పంటు పోయింది దీని వల్ల, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చేసరికి పది.

భీమారం_బుల్లోడు | నవంబర్ 12

పెట్రోల్ బ్రో. తుపాను తర్వాత బంకుల్లో నీళ్ళే

యానాం_ట్యాంకు | నవంబర్ 12

ఇథనాల్ మహిమ. పెట్రోల్ లో 20 శాతం కలుపుతున్నారు, బండ్లన్నీ ఇలాగే అయిపోతున్నాయి.

కాకినాడ_మాన్యువల్ | నవంబర్ 12

అన్నిటికీ ఇథనాల్ అనకండి. దానివల్ల మైలేజీ కొంచెం తగ్గుతుంది, అది నిజమే, ఇథనాల్ లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి. ఇప్పుడొచ్చే కొత్త బండ్లు ఆ పెట్రోల్ కి తగ్గట్టు చేసినవే. మన వైపు అసలు చిక్కు నీళ్ళు. ఇథనాల్ నీళ్ళని పీల్చుకుంటుంది, నీళ్ళు మరీ ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి, పంపు ఉండేది అక్కడే. పెట్రోల్ పోసే మూత తీస్తే అంచున చిన్న బెజ్జం ఉంటుంది, వాన నీళ్ళు కిందకి పోవడానికి. అది మట్టితో మూసుకుపోతే నీళ్ళు ట్యాంకులోకే. ఒక సన్నటి తీగ పెట్టి చూడండి.

లంక_చిన్నోడు | నవంబర్ 15

బెజ్జం శుభ్రంగానే ఉందండి. అయినా సర్వీసుకి తీసుకెళ్తే ట్యాంకు దించారు, ఇంజెక్టర్ కడిగారు, వారంటీలో రాదని తొమ్మిదొందలు తీసుకున్నారు. రెండు రోజులు బాగుంది. ఈరోజు మళ్ళీ అదే. ఏడుపొక్కటే తక్కువ. ఇంజన్ లైటు కూడా వెలగట్లేదు.

గౌతమి_టీచర్ | నవంబర్ 15

ఒక్క ప్రశ్న అండి. న్యూట్రల్ లో వదిలేస్తే అలాగే ఆడుతూ ఉంటుందా? లేక గేరు వేశాకే ఆగుతుందా?

లంక_చిన్నోడు | నవంబర్ 15

న్యూట్రల్ లో గంటైనా ఆడుద్దండి. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితేనే ఆగుద్ది. ఒక్కోసారి క్లచ్ వదలకముందే.

గౌతమి_టీచర్ | నవంబర్ 15

అయితే పెట్రోల్ కాదు, నీళ్ళూ కాదు. పెట్రోల్ లో నీళ్ళుంటే న్యూట్రల్ లోనూ తడబడుతుంది. మీ సైడ్ స్టాండు చూడండి. కొత్త బండ్లకి స్టాండు కిందకి ఉండి గేరు వేస్తే ఇంజన్ ఆగిపోయేలా స్విచ్ పెడుతున్నారు. ఆగిపోయినప్పుడు మీటర్లో స్టాండు బొమ్మ వెలుగుతోందేమో గమనించారా?

షెడ్డు_మావ | నవంబర్ 15

అమ్మో అదే అదే. నేను సాయంత్రం నుంచి ప్లగ్గు, కాయిల్ అని ఆలోచిస్తన్నాను. బాబూ వంగి చూడు, స్టాండు పూర్తిగా పైకి వెళ్ళదు, మధ్యలో బంకమట్టి ఇరుక్కుని ఉంటది. గట్టు మీద స్టాండు వేస్తావ్, మట్టిలో దిగబడతది, తీసేటప్పుడు ముద్ద దాంతోపాటే పైకొస్తది. స్ప్రింగు లాగుద్ది గానీ వేలెడు సందు ఉండిపోద్ది. స్విచ్చికి స్టాండు ఇంకా కిందే ఉందని లెక్క. ఇంటి దగ్గర సిమెంటు నేల కాబట్టి బాగుంటది. సర్వీసు వాళ్ళు కడిగారు, మట్టి పోయింది, రెండు రోజులు బాగుంది, మళ్ళీ మట్టి. లెక్క సరిపోయింది చూడు.

లంక_చిన్నోడు | నవంబర్ 16

ఏం చెప్పమంటారండి. పొద్దున్నే టార్చి వేసి చూశాను. నిమ్మకాయంత మట్టి ముద్ద, ఎండి రాయిలా ఉంది, స్టాండుకీ చాసిస్ కీ మధ్య. స్క్రూ డ్రైవర్ తో పొడిస్తే ఊడింది. స్టాండు టప్ మని పైకి లేచింది. ఆ బొమ్మ లైటు వారం నుంచి వెలుగుతానే ఉందంట, అదేదో హెడ్ లైటు గుర్తు అనుకున్నాను 🙏 తొమ్మిదొందలు, ఒక రాత్రి నిద్ర. టీచర్ గారూ మీకు శతకోటి దండాలు.

భీమారం_బుల్లోడు | నవంబర్ 16

ఆ స్విచ్ పీకి రెండు వైర్లు కలిపేస్తే గొడవే ఉండదు, మా ఫ్రెండ్ అలాగే చేశాడు

షెడ్డు_మావ | నవంబర్ 16

నీ ఫ్రెండ్ పేరు చెప్పు, వెళ్ళి చూసొస్తాను. స్టాండు తీయడం మర్చిపోయి ఎడమ మలుపు తిరిగితే స్టాండు నేలకి తన్ని బండి ఎగిరి పడతది, ఆ దెబ్బలకి వచ్చిన బండ్లు నా షెడ్డులో చూశాను, మనుషుల్ని ఆస్పత్రిలో చూశాను. పైగా వైరింగ్ కోస్తే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. రోజూ సాయంత్రం స్టాండు దగ్గర నీళ్ళు కొట్టి, వారానికోసారి ఆ పిన్ను దగ్గర రెండు చుక్కల ఆయిల్ వేస్తే చాలు.

లంక_చిన్నోడు | డిసెంబర్ 6

ఇంకో సంగతి అండి. నిన్న చీకటి పడ్డాక మొగల్తూరు నుంచి వస్తంటే రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. సగం రోడ్డు ధాన్యం, దాని చుట్టూ రాళ్ళు. ఎదురుగా లారీ వస్తే ధాన్యం మీదకి దిగాను, బ్రేకు వేశాను, అంతే, బండి కింద నుంచి వెళ్ళిపోయింది. మోకాలు గీసుకుంది, హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది. క్రాష్ గార్డు వంగింది.

కాకినాడ_మాన్యువల్ | డిసెంబర్ 6

ఇప్పుడెలా ఉంది? గింజలు టైరు కింద బేరింగు గుళ్ళలా దొర్లుతాయి, దాని మీద బ్రేకు పట్టదు. మీ బండికి సీబీఎస్ ఉంటుంది, వెనక పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంచెం పడుతుంది, అది పొడి రోడ్డు మీద మేలే కానీ ఇలాంటి చోట ముందు చక్రం కూడా జారుతుంది. ధాన్యం మీదకి వెళ్ళక తప్పకపోతే ముందే స్పీడు తగ్గించుకుని, బ్రేకూ హ్యాండిలూ కదపకుండా నేరుగా పోవాలి.

తణుకు_సుబ్బు | డిసెంబర్ 6

రైతుల్ని కూడా ఏమనలేమండి, కళ్ళాలు ఎక్కడున్నాయి ఇప్పుడు, అన్నీ చెరువులైపోయాయి. మా నాన్నా రోడ్డు మీదే ఆరబోస్తాడు, కాకపోతే బరకాల మీద పోసి, రాళ్ళకి బదులు చెట్టు కొమ్మలు పెట్టిస్తాను.

షెడ్డు_మావ | డిసెంబర్ 7

పడ్డాక హ్యాండిల్ ఒక పక్కకి లాగుతందా చూసుకో, లాగితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగినట్టు. ముందు బ్రేకు వేసి బండిని ముందుకి వెనక్కి ఊపితే టక్ టక్ మంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, వదులైనట్టు. ఫోర్కు రాడ్ల మీద మట్టి రోజూ తుడు, ఉప్పు గాలికి రాడ్డు మీద చుక్కలు పడితే ఆయిల్ సీళ్ళు కోసుకుపోతాయి. ఇంకోటి, కోతలయ్యాయి కదా, బండి గడ్డిమేటు పక్కన పెట్టకండి. చలికాలం ఎలుకలు ఇంజన్ వెచ్చదనానికి వచ్చి వైర్లు కొరుకుతాయి. మొన్న ఒకాయన ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు, పిల్లలతో సహా. ఆయన వచ్చింది పికప్పు లేదని.

లంక_చిన్నోడు | జనవరి 11

పండగ శుభాకాంక్షలు ముందుగానే. 4,700 తిరిగింది. చైను వదులైందని టక టక చప్పుడొస్తే ఈసారి ముందు ఇక్కడ అడగకుండా నేనే చూశాను, చైన్ కవర్ కింద రబ్బరు మూత తీసి వేలితో ఎత్తితే మూడు వేళ్ళ పైనే లేస్తంది, మాన్యువల్ ప్రకారం టైట్ చేయించాను. కవర్ ఉంది కదా అని ఎవరూ లోపలికి చూడరు గానీ లోపల చైన్ ఎండిపోయి ఎర్రగా ఉంది, గేర్ ఆయిల్ వేయించాను. బుల్లోడన్నా నీకోసం మైలేజీ కూడా చూశాను, ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండా కొట్టించి, తిరిగినదాన్ని పట్టినదానితో భాగిస్తే 61. గట్లు లేని వారం 66.

భీమారం_బుల్లోడు | జనవరి 11

నేను మూడు నెలల నుంచి దీనికోసమే వెయిటింగ్

గౌతమి_టీచర్ | జనవరి 12

సైడ్ స్టాండు మళ్ళీ ఇబ్బంది పెట్టిందా?

లంక_చిన్నోడు | జనవరి 12

లేదండి. అది మా నాన్న పుణ్యం. నేను రోజూ సాయంత్రం స్క్రూ డ్రైవర్ తో మట్టి గీకుతుంటే చూసి చూసి, ఒక కొబ్బరి డొక్క తెచ్చి బండి సంచిలో పడేశాడు, గట్టు మీద ఆపినప్పుడు దీన్ని స్టాండు కింద పెట్టు అన్నాడు. అంతే, దిగబడదు, మట్టీ అంటదు. పాడైతే ఇంకోటి, మా ఇంట్లో డొక్కలకి కరువా. ఎంత అలవాటైపోయిందంటే నిన్న పంటు ఎక్కాక కూడా డొక్క తీసి స్టాండు కింద పెట్టాను. పంటు వాడు చూసి, "ఆయ్, మాది ఇనప నేలండీ, దిగబడదు, దిగబడితే అందరం కలిసే దిగబడతాం" అన్నాడు.